ముందు సైకిలు, తర్వాత రోడ్డు

కోడి ముందా గుడ్డు ముందా అన్న ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ సరైన జవాబు చెప్పలేదు గానీ, సైకిలు ముందా రోడ్డు ముందా అని అడిగితే మాత్రం చరిత్ర తడుముకోకుండా చెబుతుంది - సైకిలే ముందు అని!

నమ్మబుద్ధి కావడం లేదు కదూ? నాకూ మొదట్లో అలాగే అనిపించింది. ఇవాళ మనం చూసే తరహా సైకిలు - దాదాపు సమానమైన రెండు చక్రాలు, వెనక చక్రాన్ని తిప్పే చైను - ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ అనే ఆయన 1885లో తెచ్చిన ‘రోవర్’తో స్థిరపడింది. అంతకు ముందుది మనిషెత్తు ముందు చక్రం వున్న సైకిలు. చీర కట్టిన ఆడది సరే, పంచె కట్టిన మగవాడైనా దాన్నెక్కి క్షేమంగా దిగడం గొప్పే! ఆ తర్వాత బెల్‌ఫాస్టులో డన్‌లప్ అనే పశువుల డాక్టరు, కొడుకు మూడు చక్రాల బండి గతుకుల్లో ఎగిరెగిరి పడుతుంటే చూడలేక, రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టాడు. 1888లో దానికి పేటెంటు తీసుకున్నాడు. చూశారా, గాలి టైరు వాడుకలోకి వచ్చిందే చెడ్డదారి ధర్మమా అని! నున్నటి తారు రోడ్డు పల్లెపట్టులకు అప్పటికింకా రానే లేదు. అమెరికాలో 1880లో ఏర్పడ్డ సైకిలు తొక్కేవాళ్ళ సంఘం, ‘మాకు మంచి బాటలు కావాలి’ అని ఏళ్ళ తరబడి గొడవ చేసింది. ఆ గొడవ ఫలితాన్ని తర్వాత వచ్చిన మోటారు కార్లు దర్జాగా అనుభవించాయి. ఒకరు వండితే ఇంకొకరు వడ్డించి పేరు కొట్టేసినట్టన్నమాట.

కాబట్టి తొలిరోజుల్లో సైకిలు తొక్కినవాళ్ళు చాలామటుకు మట్టిలో, రాళ్ళలో, ఇసకలో తొక్కినవాళ్ళే. ఈ సంగతి ఎందుకెత్తానంటే - ఈ మధ్య మా కావలిలో కూడా లావు టైర్ల, గేర్ల సైకిళ్ళు కనిపిస్తున్నాయి. మౌంటెన్ బైకులంటారు. రోడ్డు లేనిచోట వాటిని తొక్కడం ఒక ప్రత్యేక విద్య అనీ, దానికి పాఠాలూ శిక్షణా వుంటాయనీ మా మేనకోడలు చెప్పుకొచ్చింది. “ఇది మీ కాలంలో లేదులే అత్తా!” అంది. పేరు లేకపోయి వుండొచ్చు గానీ విద్య లేకపోవడమేమిటి! ఆ కథే ఇవాళ మీకు చెబుతాను.

కావలి చూడనివాళ్ళ కోసం ముందుగా రెండు ముక్కలు. ఊరి నడిమధ్యన ట్రంకురోడ్డు. మద్రాసు నుంచి కలకత్తా వైపు పోయే పాతకాలపు పెద్దబాట అదే. 1830లో కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు, 1831లో ఈ కోస్తా వెంబడే దిగివచ్చి మద్రాసు చేరారు - బోయీలు మోసే పల్లకీలో. ఊరికి తూర్పున తుమ్మలపెంట సముద్రం. నడుమ బకింగ్‌హాం కాలువ. ధాతు కరువు కాలంలో, 1877-78లో, కూలీలకు పని చూపించడానికి ఆ తవ్వకం ముమ్మరంగా సాగించారు. కాలువకు అటూ ఇటూ ఇసక, తాటిచెట్లు, సరుగుడు తోటలు. పడమటికి పోతే ఎర్రమట్టి, గులకరాళ్ళు. ఇంకా పోతే 1514లో కృష్ణదేవరాయలు పట్టుకున్న ఉదయగిరి దుర్గం. అంటే తూర్పున ఇసక, పడమర రాయి. సైకిలు నేర్చుకునేవాళ్ళకు దేవుడు రెండు బళ్ళూ ఇక్కడే కట్టించాడు!

ఈ దారుల్లో సైకిలు ఎన్ని పనులు చేసిందో చెప్పలేను. ఉత్తరాలు తెచ్చింది, పాలు తెచ్చింది, సముద్రం వైపు నుంచి చేపల బుట్టలు తెచ్చింది. మా జిల్లాలోనే, అలగానిపాడులో 1913లో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్యగారు పార్లమెంటుకు కూడా సైకిలు మీదే వెళ్ళేవారని పెద్దవాళ్ళు చెబుతుంటే కళ్ళింతలు చేసుకుని వినేవాళ్ళం. అయితే ఈ కథలన్నిట్లోనూ సీటు మీద వున్నది మగవాళ్ళే. ఆడవాళ్ళ స్థానం క్యారియరు. ఒక పక్కకు కూర్చుని, ఒళ్ళో బిడ్డ, చేతిలో సంచీ, మోచేతికి గొడుగు. ఇసక రాగానే ముందు దిగేదీ ఆవిడే, గట్టినేల వచ్చాక చివర ఎక్కేదీ ఆవిడే.

నేను నేర్చుకున్నది సముద్రం దారిలోనే. ట్రంకురోడ్డు మీద నేర్చుకుంటే బస్సుల భయం ఒక పక్కా, చూసి నవ్వేవాళ్ళు ఒక పక్కా. తాటితోపులో అయితే పడ్డా ఇసక; చూసేవి మేకలు! నాన్న సైకిలు నాకంటే ఎత్తు. కడ్డీ కిందనుంచి కాలు దూర్చి, ఒక పక్కకు వేలాడుతూ తొక్కడమే మా అందరి మొదటి తరగతి. పరికిణీ చైన్లో పడకుండా మోకాలి దగ్గర ముడి వేసుకునేవాళ్ళం. అక్కడ నాకు పట్టుబడిన మొదటి సూత్రం - చూపు ఎక్కడుంటే చక్రం అక్కడికే పోతుంది. తాటిచెట్టుకు తగులుతానేమో అని తాటిచెట్టునే చూస్తుంటే నేరుగా దాని దగ్గరికే తీసుకుపోతుంది. రెండు చెట్ల మధ్య ఖాళీని చూడాలి. రెండో సూత్రం - ఎటు పడబోతున్నామో అటే హ్యాండిలు కాస్త తిప్పాలి. వినడానికి తలకిందులుగా వుంటుంది గానీ, అలా తిప్పితేనే చక్రాలు మళ్ళీ మన బరువు కిందికి వస్తాయి. మా మేనకోడలు చూపించిన మౌంటెన్ బైకు పాఠాల్లో మొదట వున్నది ఏమిటనుకున్నారు? ‘దూరంగా చూడు, పోవలసిన చోటును చూడు’ అని! తాటితోపు పాఠానికి ఇంగ్లీషు కుట్టించారంతే.

“నేర్చుకోవడానికి వయసుండొద్దూ?” అంటారేమో. అలా అనేవాళ్ళకు నేను ఫ్రాన్సెస్ విల్లార్డ్ సంగతి చెబుతుంటాను. ఈవిడ అమెరికాలో తాగుడుకు వ్యతిరేకంగా పనిచేసిన ఆడవాళ్ళ పెద్ద సంఘానికి 1879 నుంచి 1898లో చనిపోయేదాకా అధ్యక్షురాలు. ఈవిడకు యాభైమూడో ఏట సైకిలు నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. సైకిలుకు ‘గ్లాడిస్’ అని పేరు కూడా పెట్టుకుంది, మనం ఆవుకు పెట్టుకున్నట్టు! రోజుకు సగటున పావుగంట చొప్పున దాదాపు మూడు నెలలు నేర్చుకుంది. ముందు తొక్కడం, తర్వాత మలుపు తిరగడం, ఆ తర్వాత దిగడం, అన్నిటికంటే చివర ఎవరి సాయమూ లేకుండా ఎక్కడం. ఆ అనుభవాన్ని 1895లో చిన్న పుస్తకంగా కూడా వేసింది. రోజుకు పావుగంట! కాఫీ గ్లాసు పట్టుకుని వీధరుగు మీద మనం గడిపే సమయం కంటే తక్కువే.

సరే, గట్టినేల మీద ఎవరైనా నేర్చుకుంటారు. ఇసక మాటేమిటి? ఇసక దగ్గర సైన్యాలు కూడా ఓడిపోయాయి. 1897లో అమెరికా సైన్యంలో ఇరవై మంది నల్లజాతి సైనికుల్ని సైకిళ్ళ మీద మోంటానా నుంచి సెయింట్ లూయిస్‌కు పంపారు - 1,900 మైళ్ళు. బురదలో, కొండల్లో, ఎండల్లో తొక్కుకుంటూ 41 రోజుల్లో చేరారు. ఆ వీరులు సైతం నెబ్రాస్కా ఇసకదిబ్బల దగ్గర మాత్రం సైకిలు సాగక, రైలు పట్టాలెక్కి స్లీపర్ల మీదుగా పోవలసి వచ్చింది.

ఇందులో కిటుకు మన చెప్పుల్లోనే వుంది. ఎత్తుమడమల చెప్పులేసుకుని తుమ్మలపెంట ఒడ్డున నడవండి, మడమ కసుక్కున దిగబడుతుంది. హవాయి చెప్పులు దిగబడవు. మనిషి అదే, బరువు అదే, నేలను తాకే జాగాలోనే వుంది తేడా. సైకిలూ అంతే. సన్న టైరులో గాలి రాయిలా కొడితే ఇసకను కత్తిలా కోస్తుంది. లావు టైరులో గాలి తగ్గిస్తే అడుగున పరుచుకుని తేలుతుంది.

ఈ లావు టైరు వెనక ఒక తమాషా కథ వుంది. 1933లో అమెరికాలో ష్విన్ కంపెనీ పిల్లల కోసం రెండంగుళాల పైచిలుకు లావు టైర్ల సైకిళ్ళు తెచ్చింది. బండబరువు. తర్వాత తేలిక సైకిళ్ళు రాగానే అవన్నీ పాతసామాన్ల కొట్లకు చేరాయి. 1970లలో కాలిఫోర్నియాలో, మారిన్ అనే ప్రాంతపు కుర్రకారు ఆ పాతవాటినే కొని, బాగుచేసుకుని, కొండ మట్టిదారుల్లో కిందికి దూకించడం మొదలుపెట్టారు. 1976 అక్టోబరు 21న అక్కడొక పందెం పెట్టారు. ఆ వాలు ఎంత నిటారంటే, కిందికి చేరేసరికి వెనక చక్రపు బ్రేకులో వున్న గ్రీజంతా వేడికి పొగై పోయేది. ప్రతిసారీ విప్పి మళ్ళీ గ్రీజు కూరాలి. అందుకే ఆ దారికి ‘రీప్యాక్’ అని పేరు పడిపోయింది. 1977లో జో బ్రీజ్ అనే అతను కొండ కోసమే ప్రత్యేకంగా కొత్త సైకిలు తయారుచేశాడు. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ అనే మిత్రులు ‘మౌంటెన్‌బైక్స్’ పేరుతో వ్యాపారం పెట్టారు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ అలాంటివి పెద్దయెత్తున చేసి అమ్మింది. అయితే బాట వదిలి తొక్కాలన్న సరదా వాళ్ళతోనే పుట్టిందనుకోకండి. ఇంగ్లండులో గతుకుదారుల సైకిలు సంఘం ఒకటి 1955లోనే వెలిసింది.

మరి ఆ మారిన్ గుంపులో ఆడవాళ్ళు లేరా? ఉన్నారు! వెండీ క్రాగ్ అనే ఆమె వాళ్ళతో సమానంగా ఆ బరువు సైకిలు తొక్కుతూ, ఫోటోలు కూడా తీసింది. ఆ తొలిరోజుల చరిత్ర ఇవాళ మన కళ్ళకు కనిపిస్తున్నదంటే చాలావరకు ఆమె కెమెరా పుణ్యమే. 1978లో కొలరాడోలో 12,700 అడుగుల ఎత్తున వున్న పెర్ల్ పాస్ కనుమ దాటినవాళ్ళలో ఆమె కూడా వుంది. 1980లలో జాకీ ఫెలాన్ అనే పందెపు సైకిలిస్టు, ఆడవాళ్ళ కోసమే ఒక సంఘం పెట్టింది. దాని పేరు వింటే మీరు ముచ్చటపడతారు - ‘ఆడవాళ్ళ కొండ సైకిలు మరియు టీ సంఘం’! కొండా తొక్కాలి, కబుర్లాడుకుంటూ టీ కూడా తాగాలి. నవ్వులాటగా కనిపించినా అందులో గొప్ప తెలివి వుంది. నేర్చుకునేవాళ్ళకు కావలసింది ముందు ధైర్యం, ఆ ధైర్యానికి కావలసింది నవ్వనివాళ్ళ తోడు.

ఇంకో ముచ్చట. ఒలింపిక్స్‌లో మగవాళ్ళ రోడ్డు సైకిలు పందెం 1896లోనే వుంటే ఆడవాళ్ళకు 1984 దాకా దిక్కులేదు - 88 ఏళ్ళు! అదే కొండ సైకిలు పందెం 1996లో అట్లాంటాలో ప్రవేశపెట్టినప్పుడు ఇద్దరికీ ఒకేసారి పెట్టారు. ఆడవాళ్ళ మొదటి బంగారు పతకం ఇటలీకి చెందిన పావోలా పెజ్జోకు వచ్చింది. రోడ్డు మీద దొరకని సమానత్వం రోడ్డు లేనిచోట దొరికిందన్నమాట.

ఇదంతా ఎక్కడో సీమల్లో జరిగిన సంగతి, మనకెందుకు అంటారా? అక్కడికే వస్తున్నాను.

మాకు చేపలు తెచ్చే ఆవిడ వూరు కాలువకు అవతల. ఆవిడ కూతురు చదివే హైస్కూలు ఇవతల. బళ్ళో ఆడపిల్లలకు సైకిళ్ళిస్తే దానికీ ఒకటి వచ్చింది. రెండు నెలలు తిరక్కుండానే అది గోడకు చేరింది. “పదితో మాన్పించేస్తాలేమ్మా. ఆ ఇసకలో సైకిలు ఈడ్చుకోలేక బిడ్డ రోజూ ఏడస్తావుండాది” అంది తల్లి. ఇంటికీ బడికీ మధ్య తారు రోడ్డు లేక కాదు. వుంది, కానీ అది చుట్టుదారి, లారీల దారి. అడ్డదారిలో గట్టిగా వందగజాల ఇసక, ఒక కట్ట ఎక్కి దిగడం. ఆ వందగజాలే పిల్ల చదువుకు అడ్డం పడ్డాయి.

“అత్తా, మనం నేర్పిద్దాం” అంది మా మేనకోడలు. ముగ్గురం మూడు ఆదివారాలు పొద్దున్నే ఎండ ముదరకముందు అక్కడికి చేరాం. తన గేర్ల సైకిలు పక్కన పెట్టి, ఆ పిల్ల మామూలు సైకిలు మీదే మొదలుపెట్టించింది మా మేనకోడలు. ముందు టైర్లలో గాలి కొద్దిగా తీయించింది - వేలితో నొక్కితే కాస్త లోపలికి పోయేంత. మరీ తీస్తే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగిపోతుందిట. తర్వాత వరసగా చెప్పుకొచ్చింది. ఇసక వచ్చేముందే వేగం అందుకోవాలి, వచ్చాక కాదు. ఇసకలో తొక్కడం ఆపకూడదు, ఆపితే కూరుకుంటుంది. హ్యాండిలు గట్టిగా బిగించి పట్టుకోకూడదు. చక్రం కాస్త అటూ ఇటూ ఆడుతుంది, ఆడనివ్వాలి - చంటిపిల్లను నడిపించేటప్పుడు చెయ్యి వదులుగా పట్టుకోమూ, అలాగ. బరువు కొంచెం వెనక్కి వేసుకోవాలి, ముందు చక్రం తేలికైతే దిగబడదు. ముందు బ్రేకు అసలు తాకకూడదు. మెత్తటిచోట ముందు చక్రం ఆగిపోతే పక్కకు జారి పడేస్తుంది.

కట్ట ఎక్కేటప్పుడు ముందుకు వంగాలి, లేకపోతే ముందు చక్రం లేస్తుంది. దిగేటప్పుడు రెండు పెడళ్ళూ ఒకే ఎత్తున పెట్టి వాటి మీద లేచి నిలబడి, నడుము వెనక్కి జరపాలి. మోకాళ్ళూ మోచేతులూ వదులుగా వంచి వుంచితే అవే స్ప్రింగులు. దారిలో పల్లేరుకాయలు వుంటే ఆగి టైరు తడిమి చూసుకోవాలి. ఇవన్నీ చెబుతుంటే ఆ పిల్ల తల్లి కట్ట మీద కూర్చుని వింటూ, “మేం తలమీద గంప పెట్టుకుని ఈ కట్ట దిగేటప్పుడూ అంతేనమ్మా, మోకాలు బిగిస్తే పోయినట్టే” అంది. చూశారా, విద్య ఆవిడ దగ్గర కూడా వుంది! సైకిలే లేదు.

మూడో ఆదివారం ఆ పిల్ల దిగకుండా ఇసక దాటింది. ఇప్పుడు ఇంటరుకు వస్తోంది.

ఈ కథ ఒక్క ఇంటిది కాదు. 1990ల మొదట్లో మా నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం వచ్చింది. రాత్రి బళ్ళో ‘సీతమ్మ కథ’ పాఠం చదువుకున్న దూబగుంట ఆడవాళ్ళు 1992లో సారా దుకాణం మీద తిరగబడ్డారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధానికీ, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికీ దారి తీసింది. సరిగ్గా ఆ రోజుల్లోనే తమిళనాడులో పుదుక్కోట జిల్లాలో కూడా అక్షరాస్యత ఉద్యమం సాగింది. అక్కడి కలెక్టరు షీలారాణి చుంకత్ 1991లో ఆడవాళ్ళకు అక్షరాలతో పాటు సైకిలు కూడా నేర్పించాలని పట్టుబట్టారు, కొనుక్కోవడానికి బ్యాంకు అప్పులిప్పించారు. మన తెలుగువాడే, వి.వి.గిరిగారి మనవడు పి.సాయినాథ్ అక్కడికి వెళ్ళి చూసి, లక్షమందికి పైగా పల్లె ఆడవాళ్ళు సైకిలు నేర్చుకున్నారని రాశారు. అందులో క్వారీ కూలీలు, వ్యవసాయ కూలీలు, నర్సులు అందరూ వున్నారు. తమాషా ఏమిటంటే చాలామంది లేడీస్ సైకిలు కంటే మగవాళ్ళ సైకిలే నయమన్నారుట - కడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని! మా జిల్లా అక్షరాలు సారా కొట్టు మీదికి నడిస్తే, పుదుక్కోట అక్షరాలు సైకిలెక్కాయి. ఆ రెండు పనులూ ఒకే మనిషి చేస్తే విల్లార్డ్ అవుతుంది.

బీహారులో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోవడానికి రెండు వేల రూపాయలివ్వడం మొదలుపెట్టారు. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు దాన్ని పరిశీలించి, ఆ పథకం వల్ల హైస్కూల్లో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారని 2017లో ప్రకటించారు. బడి దూరమైన వూళ్ళలోనే ఫలితం ఎక్కువ. తర్వాత మన ఆంధ్రలోనూ ‘బడికొస్తా’ పేరుతో ఇచ్చారు. మంచి పనే. కానీ సైకిలు చేతికిచ్చినంత మాత్రాన దారి చేతికొచ్చినట్టు కాదు. ఆ పిల్ల తొక్కేది నున్నటి రోడ్డు మీదేనని ఇచ్చేవాళ్ళనుకుంటారు. నిజానికి జాతీయ రహదారి ఆరేడుగురు కూర్చునే కార్లదీ, లారీలదీ. పిల్లకు మిగిలేది పక్కనున్న మట్టి అంచు, చేల గట్టు, కాలువ కట్ట. ఆ దారిన తొక్కడం కూడా నేర్పితేనే సైకిలిచ్చినట్టు. దాంతోపాటు పంక్చరు వేసుకోవడం, జారిపోయిన చైను తగిలించుకోవడం, గాలి ఎంతుండాలో వేలితో చూసుకోవడం. ఇందుకు లావు టైర్లూ గేర్లూ అక్కర్లేదు, వేల రూపాయల సైకిలూ అక్కర్లేదు. తెలిసిన ఒక అక్కా, నవ్వని ఒక అమ్మా వుంటే చాలు.

“రోడ్డు పడనీ, అప్పుడు పంపిద్దాం” అంటారు ఆడపిల్లల విషయంలో. రోడ్డు పడేసరికి ఆ పిల్లకు పెళ్ళయిపోతుంది. సైకిలు తొక్కినవాళ్ళు రోడ్డు కోసం ఆగలేదు. వాళ్ళు తొక్కి, పడి, లేచి, అడిగారు గనకే రోడ్లొచ్చాయి. మీ ఇంటి పక్కన గోడకానించిన సైకిలొకటి వుండే వుంటుంది. టైరు తుడిచి, గాలి కొట్టించి, ఈ ఆదివారం పొద్దున్నే ఏ చెరువు కట్టకో తీసుకెళ్ళండి. పిల్ల నేర్చుకున్నాక, మీరూ ఒక పావుగంట ఎక్కి చూడండి. యాభైమూడు దాటినా ఫరవాలేదు.